సంబరము నుండి ఉత్సవవేదికకు: వీరనాట్యమున వేషము, వాచికము

జానపద కళాదళములు స్వస్థలమును వీడి పరస్థలములందు జరుగు ఉత్సవములలో పాల్గొనుట నేడు సర్వసాధారణమైనది. 1953లో న్యూఢిల్లీయందు గణతంత్ర దినోత్సవమునకు అనుబంధముగ జానపద నృత్యోత్సవము ఆరంభమైన పిదప, ఆయా రాష్ట్రముల నృత్యములను ఒకే ప్రాంగణమున, ఒకదాని వెంట నొకటిగ, పరిమితకాలమున ప్రదర్శించు పద్ధతి దేశమంతట వ్యాపించినది. 1986లో తంజావూరు, నాగపూరు కేంద్రములుగ ప్రాంతీయ సాంస్కృతిక సంస్థలు ఏర్పడినవి. ఈ రెండింటను ఆంధ్రప్రదేశమునకు సభ్యత్వము కలదు. గోదావరి మండలపు గరగలు, ఉత్తరాంధ్రపు తప్పెటగుళ్లు, ద్రాక్షారామ ప్రాంతమునకు విశేషముగ చెందిన వీరనాట్యము ఈ మార్గమున పరరాష్ట్రీయులకు పరిచితములైనవి.

ఇట్టి ప్రయాణములను గూర్చి మనము రెండు విధములుగ మాటలాడుట అలవాటు. మన కళకు కీర్తి వచ్చినదని సంతోషించుట యొకటి. వేదిక నెక్కిన కళ చెడిపోయినదని విచారించుట రెండవది. ఈ రెండును అభిప్రాయములే కాని పరిశీలనలు కావు. పరిశోధకుడు అడుగదగిన ప్రశ్న వేఱు. ఒక కళారూపము ప్రయాణము చేయునపుడు దాని అంగములలో ఏది కదలును? ఏది కదలక ఇంటనే నిలిచిపోవును? వీరనాట్యము విషయమున ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము. వేషము, వాద్యము, అడుగు ప్రయాణము చేయుచున్నవనియు, వాచికము నిలిచిపోవుచున్నదనియు, తెలుగు శాఖలవారు ముందుగ పట్టించుకొనవలసినది ఆ వాచికమే యనియు నా ప్రతిపాదన.

పోలికకై జర్మనీ దేశమునందలి బవేరియా వేషధారణోత్సవములను గ్రహించితిని. ఇది దూరపు పోలికవలె తోచవచ్చును. కాని సంప్రదాయవేషమును, నృత్యమును కాపాడుటకే సంఘములు స్థాపించుకొని, పరస్పరము ఒకరి ఉత్సవములకొకరు పోవు ఆచారము అచ్చట నూటనలువది యేండ్లుగ సాగుచున్నది. దాని గుణదోషములను అచ్చటి పండితులే నిశితముగ చర్చించినారు. మన అనుభవమును కొలుచుకొనుటకు అంతకంటె అనువైన కొలబద్ద దొరకుట కష్టము.

బవేరియా సంఘములు

బవేరియా జర్మనీకి ఆగ్నేయమున నున్న రాష్ట్రము. దాని దక్షిణపు టంచున ఆల్ప్స్ పర్వతములు కలవు. ఆ పర్వతగ్రామములందు పురుషులు కురుచయైన తోలు లాగును, వెండ్రుకల కుచ్చు గల టోపీని ధరించెడివారు. స్త్రీలు బిగుతైన పైరవికను, కుచ్చుల పావడను, ముందుగుడ్డను ధరించెడివారు. 19వ శతాబ్ది ఉత్తరార్ధమున పట్టణపు బట్టలు ప్రవేశించి ఈ వేషము వాడుక తప్పసాగినది. అప్పుడు, 1883లో, బైరిష్‌జెల్ అను గ్రామమున యోసెఫ్ ఫోగ్ల్ అను ఉపాధ్యాయుడు మఱికొందరితో కలిసి వేషసంరక్షణ సంఘము నొకదానిని నెలకొల్పెను. ఈ విధమైన సంఘములలో మొదటిదిగ దీనినే చెప్పుదురు. అనతికాలములోనే చుట్టుపట్ల గ్రామములలో సంఘములు వెలసినవి. 1890 నుండి ఆ సంఘములకు సమాఖ్యలును ఏర్పడినవి. ఉద్యమమును ఆరంభించినవాడు బడిపంతులు కావుట మన పాఠకులకు ఆసక్తికరము.

ఈ సంఘముల ముఖ్యనృత్యము షూప్లాట్లర్. ఇందు పురుషులు లయానుసారముగ తొడలను, మోకాళ్లను, పాదరక్షల అడుగుభాగమును అరచేతులతో చరచుచు ఆడుదురు. స్త్రీలు పావడ గుండ్రముగ విచ్చుకొనునట్లు తిరుగుచుందురు. సంఘసమావేశమైన ఉత్సవమునాడు ఆరుబయట ప్రార్థన, ధ్వజములతో ఊరేగింపు, పిమ్మట నృత్యములు జరుగును. ఇతర ప్రాంతముల సంఘములు తమతమ ధ్వజములతో అతిథులై వచ్చును. నృత్యపు పోటీలును కలవు. మ్యూనిక్ నగరమున 1810లో యువరాజు లుడ్విగ్ వివాహసందర్భమున పుట్టిన అక్టోబరు ఉత్సవమునందు, ఆ దంపతుల ఇరువదియైదవ వివాహవార్షికమైన 1835లో తొలిసారిగ వేషధారుల ఊరేగింపు జరిగినది. నేడు ఆ ఊరేగింపున సుమారు 9,000 మంది నడచుదురు. అమెరికాకు వలసపోయిన బవేరియనులు సైతము ఇట్టి సంఘములను నెలకొల్పుకొనిరి. 1966లో ఉత్తర అమెరికా సంఘముల సమాఖ్య ఏర్పడినది. దాని ఉత్సవము రెండేండ్ల కొకసారి ఒక్కొక్క నగరమున జరుగును.

ఈ చరిత్రలో గమనింపదగిన విషయములు మూడు. మొదటిది, సంఘము కాపాడిన వేషము పూర్వపు వేషమే యైనను పూర్వమువలె నుండలేదు. మీస్‌బాఖ్ ప్రాంతపు పర్వతవేషము ఆదర్శమై, దానికి సంబంధము లేని ప్రాంతముల సంఘములును దానినే స్వీకరించుటచే కొన్నిచోట్ల స్థానికవేషములు మరుగున పడినవి. రెండవది, పడుచువాడు పడుచు నెదుట తన నేర్పును చూపుకొను స్వేచ్ఛానృత్యము పోటీల వలన క్రమశిక్షణ గల సమూహనృత్యమైనది. మూడవది మనకు మిక్కిలి ముఖ్యము. ఈ నృత్యమునకు మాట ప్రాణము కాదు. దానికి కావలసినది వేషము, స్వరము, లయ, చూచు జనము. ఇవి నాలుగును ఎచ్చటనైనను లభించును. కావుననే బైరిష్‌జెల్ నృత్యము అమెరికాకు పోయినను దాని అంగములు దాదాపు అన్నియు దానితో పోయినవి.

దక్షవాటి, వీరభద్రుడు

ఇక మన విషయమునకు వత్తము. రామచంద్రపురమునకు సమీపమున నున్న ద్రాక్షారామము పంచారామములలో నొకటి. భీమేశ్వరాలయము తూర్పుచాళుక్యుల కాలము నాటిది. ఆలయకుడ్యములపై, స్తంభములపై శాసనములు వందలకొలది కలవు. అష్టాదశ శక్తిపీఠములలో నొకటిగ పరిగణింపబడు మాణిక్యాంబ కొలువును ఇచ్చటనే. శ్రీనాథుని భీమేశ్వరపురాణము ఈ క్షేత్రమాహాత్మ్యమే. దక్షప్రజాపతి యజ్ఞము చేసిన చోటు ఇదియే యనియు, అందువలననే దక్షవాటి, దాక్షారామము అను పేర్లు వచ్చినవనియు స్థలపురాణము.

కథ సుప్రసిద్ధము. దక్షుడు శివుని పిలువక యజ్ఞము తలపెట్టెను. పిలువని పేరంటమునకు వచ్చిన కూతురు సతీదేవి అవమానము సహింపలేక దేహత్యాగము చేసెను. శివుని జటనుండి పుట్టిన వీరభద్రుడు యజ్ఞమును ధ్వంసము చేసెను. పోతన కృతిగ ప్రసిద్ధమైన వీరభద్రవిజయమునకు ఇతివృత్తము ఇదియే. వీరనాట్యము ఈ కథను ఆడును. కాని కథ జరిగినదని నమ్మబడు చోటనే ఆడుట ద్రాక్షారామ ప్రాంతీయుల విశేషము. వేఱుచోట్ల ఇది పురాణము, ఇచ్చట స్థలవృత్తాంతము.

ఇందలి సాహసకృత్యములకు ప్రాచీనత కలదు. క్రీడాభిరామమున ఓరుగంటి మైలారదేవుని వీరభటుల వర్ణన యున్నది. అగ్నిగుండము చొచ్చుట, కొక్కెములకు వ్రేలాడుట, దేహసంధులందు నారసములు గ్రుచ్చుకొనుట అచ్చట కనబడును. 'నారసము' అను మాటయే నేటి వీరనాట్యమునను నిలిచి యున్నది. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్యచరిత్రమున పర్వతప్రకరణమందు శివరాత్రికి శ్రీశైలమున జరుగు ఆటపాటలను విస్తరించి చెప్పినాడు. వీరశైవము కళలను భక్తిమార్గముగ నుపయోగించుకొన్న తీరునకు ఇవి సాక్ష్యములు. కర్ణాటకమందలి వీరగాసె ఈ కుదురునకే చెందిన తోబుట్టువు. మైసూరు దసరా ఊరేగింపున దానికి స్థానము కలదు.

సంబరము

వీరనాట్యమునకు ప్రధానసందర్భములు రెండు. శివరాత్రి మొదలగు పర్వదినములందు దేవాలయప్రాంగణమున ఆడుట ఒకటి. వీరభద్రుడు ఇలవేలుపుగ గల ఇండ్లలో వివాహాది శుభకార్యములకు ముందు ఆడుట రెండవది. ఈ రెండవదానిని గోదావరి మండలమున 'సంబరము' అందురు. దేవాంగులు, పద్మశాలీలు, విశ్వబ్రాహ్మణులు, వైశ్యులు మొదలగువారిలో అనేక కుటుంబములకు ఈ ఆచారము కలదు. ఆడువారు సాధారణముగ వీరముష్టివారు. వైశ్యులకు ఆశ్రితులుగ వీరికి పూర్వమునుండి ప్రసిద్ధి.

'సంబరము' అను పదమును ఇచ్చట నిలిచి చూడవలెను. నిఘంటువునందు దానికి సంతోషము, ఉత్సవము అని అర్థము. ఈ ఇండ్లలో అది మృతశిశువును స్మరించు కార్యము. బాల్యమున మరణించిన బిడ్డ వీరభద్రస్వరూపుడై ఆ ఇంటనే యుండుననియు, బ్రతికియున్న తోబుట్టువులతోపాటు తానును పెరుగుచుండుననియు విశ్వాసము. తోబుట్టువునకు పెండ్లి యగునపుడు ఆ బిడ్డకును తన పాలు చెల్లింపవలెను. విభూతిని ముద్దచేసి లింగాకారముగ రూపొందించిన 'విభూదిపండు' ఆ బిడ్డకు ప్రతిరూపము. దానిని వాద్యములతో రాత్రివేళ ఊరేగించుదురు. వీరణము మ్రోగుచుండగ ఇంటివారిలో నొకరికి, తరచుగ ఆడువారికి, ఆవేశము వచ్చును. చనిపోయిన బిడ్డ వారి నోట మాటలాడునని నమ్ముదురు.

ఈ విశ్వాసమును అమెరికా దేశపు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమునకు చెందిన డేవిడ్ నైప్ కోస్తాంధ్రమున పరిశీలించి 1989లో ఒక వ్యాసమును ప్రకటించెను. మరణించియు పెరుగుచుండువారు అను భావమునే ఆయన తన వ్యాసమునకు పేరుగ నుంచెను. కోనసీమ వేదపండితులను గూర్చియు 2015లో గ్రంథము వ్రాసిన పండితు డాయన. మన ఇంటి ముంగిట జరుగు విషయమును దూరదేశీయుడు వచ్చి వ్రాయవలసి వచ్చినదని సిగ్గుపడవలసిన పని లేదు. కాని ఆ పరిశీలనను తెలుగు వాచికము వైపు నుండి కొనసాగించు బాధ్యత మనది.

సంబరము తెలిసిన పిమ్మట వీరనాట్యపు ఉద్ధతి వేఱుగ కనబడును. సతీదేవి చనిపోయెనను వార్త విన్న వేలుపు కోపమే కథలోని తాండవము. బిడ్డను పోగొట్టుకొన్న ఇంట ఆ కథను ఆడుటలో ఔచిత్యము స్పష్టము. పైకి చూచువారికి వీరరౌద్రములు కనబడును. ఇంటివారికి వాని అడుగున నున్న కరుణము వినబడును. వినబడును అని బుద్ధిపూర్వకముగనే వ్రాసితిని. ఏలయన అది వాచికమువలన కలుగునది.

మూడు అంగములు

వీరనాట్యమును స్థూలముగ మూడు అంగములుగ విభజింపవచ్చును. మొదటిది నృత్తము. నర్తకులు రంగు పంచెను మోకాలివరకు బిగించి, నడుమునకు దట్టి చుట్టి, విభూతిరేఖలు, రుద్రాక్షలు, కాలి గజ్జెలు ధరింతురు. వీరణము, డోలు, తాషా, సన్నాయి ముఖ్యవాద్యములు. కర్పూరము వెలుగుచున్న పెద్ద పళ్లెమును అరచేతినుండి మోచేతివరకు ఆనించి పట్టి, ఆ జ్యోతి కొండెక్కువరకు ఉద్ధతముగ ఆడుట 'వీరభద్రపళ్లెము'. విభూతిరేఖలు దిద్ది గంటలు కట్టిన పొడవైన కోలలను ధ్వజస్తంభమునకు ప్రతీకగ పట్టి ఆడుటయు కలదు. రెండవది నారసము. మ్రొక్కు గలవారు నాలుకయందో, చేతులయందో శూలములు, నారసములు గ్రుచ్చుకొందురు. మూడవది ఖడ్గము. ఖడ్గము చేతబూని, వీరభద్రుని పుట్టుకను, యజ్ఞధ్వంసమును, స్వామి మహిమను గంభీరస్వరమున చదువుటకే ఈ పేరు. 'ఖడ్గము చదువుట' అనియే వాడుక.

ఈ మూడవ అంగమునందే తెలుగు విద్యార్థికి పని యున్నది. ఖడ్గము పాట కాదు, పద్యము కాదు, సామాన్యవచనమును కాదు. దీర్ఘసమాసములు, సంబోధనములు, క్రియలను తుదకు నెట్టి ఊపిరి బిగబట్టించు వాక్యనిర్మాణము దండకమును తలపించును. కాని దండకమునందువలె గణనియమము లేదు. వాక్యము తెగినచోట వీరణము మ్రోగును. వీరణము ఆగినచోట వాక్యము మరల నెత్తుకొనును. అనగా వాద్యము వచనమునకు యతిస్థానమును నిర్ణయించుచున్నది. నడుమ నడుమ 'శరభ! శరభ!' అను కేక వచ్చును. నృసింహుని ఉగ్రమును శమింపజేయుటకు శివుడు శరభరూపము దాల్చెనను శైవపురాణకథ దీనికి మూలము. కేక అలంకారము కాదు. అది ఖండికకు ముగింపు, నర్తకునకు సంకేతము, శ్రోతలకు తాళము. వారును ఆ కేక నందుకొందురు.

మన సాహిత్యచరిత్రలలో వచనపరిణామమును చెప్పునపుడు శాసనగద్యము, చంపువులందలి గద్యము, సింహగిరి వచనములు, రగడలు, యక్షగానములందలి వచనములు చర్చకు వచ్చును. నోటివెంట నడచిన ఈ కర్మకాండవచనమునకు అందు స్థానము దొరకలేదు. దీని ప్రాచీనతను నిర్ణయించుటకు పాఠములు సేకరింపబడవలెను. సేకరించిన పాఠములను పోల్చవలెను. వీరముష్టివారి కుటుంబములలో తండ్రినుండి కొడుకునకు, మామనుండి అల్లునకు సంక్రమించు పాఠములకు భేదములు సహజముగ నుండును. ఒకే ఖడ్గమును శివరాత్రినాడు గుడియొద్ద చదువుట వేఱు, సంబరమున ఒక ఇంటివారి పేరెత్తి చదువుట వేఱు. ఈ భేదములే పాఠపరిశోధకునకు ధనము.

వేదిక నెక్కునది, ఎక్కనిది

ఇట్టి వీరనాట్యము ఉత్సవమునకు పిలువబడినపుడు ఏమి జరుగును? నిర్వాహకులు ఇచ్చు కాలము కొద్ది నిమిషములు. చూచువారికి తెలుగు రాదు. ఊరేగింపైనచో ఒకచోట నిలిచి ఆడుటకును వీలు లేదు. ముందువారు నడచుచుండ వెనుకవారు నడువవలెను. ఈ మూడు కారణములవలన మొదట తొలగునది ఖడ్గము. నృత్తము మిగులును, అందును పళ్లెము, కోలలు, గుంపుగ చేయు గతులు ముందునకు వచ్చును. నారసము విషయమున రెండు విపరీతములు కలవు. సభామర్యాదకు భంగమని దానిని తీసివేయుట ఒకటి. ఆశ్చర్యము గొలుపునని దానినే ముందుంచుట మఱియొకటి. మ్రొక్కు లేని నారసము కేవలసాహసమగును. 'శరభ' కేక మాత్రము వేదికపైనను నిలుచును. అయితే ముందు వాక్యము లేక వచ్చు ఆ కేక, వాక్యము లేని పూర్ణవిరామము వంటిది.

బవేరియా పోలిక ఇచ్చట ఉపకరించును. అచ్చట వేషమే సంరక్షింపబడు వస్తువు; ఊరేగింపునకు పోవుట వేషమునకు సహజమైన గతి. తాను ఏ లోయకు, ఏ ఊరికి చెందినవాడో లోకమునకు చాటుటయే దాని పని. వీరనాట్యమున వేషము అట్టిది కాదు. అది నర్తకుని స్వస్థలమును తెలుపదు. కొంతసేపు అతడు తాను కాకుండుటకు తోడ్పడును. వేషము వేఱు, ఆవేశము వేఱు. మొదటిది ధరించునది, రెండవది ప్రవేశించునది. బవేరియా వేషమునకు మొదటి లక్షణము చాలును. వీరనాట్యమునకు రెండవది వచ్చువరకు మొదటిది ఉపకరణము మాత్రమే. ఆ రెండవదానిని పిలుచునది వాచికము.

మఱియొక భేదము ఆర్థికమైనది. దీనిని మన వ్యాసములు సాధారణముగ విడిచిపెట్టును. బవేరియా సంఘసభ్యుడు వేఱొక వృత్తితో జీవించుచు, తన చందా తాను కట్టి, వేషమును తన ఖర్చుతో కుట్టించుకొని ఉత్సవమునకు పోవును. అతనికది అభిమానవ్యాసంగము. మన నర్తకులలో పలువురకు ఇది జీవనాధారము. ఆశ్రయించిన ఇండ్లలో సంబరములు తగ్గినకొలది వేదికయే వారికి శరణ్యమగుచున్నది. పూర్వము యాచకునిగ పరిగణింపబడినవాడు వేదికపై కళాకారుడను గౌరవమును పొందుచున్నాడు. దానిని తక్కువగ చూచుట తగదు. వేదికకు పోవలదని చెప్పుటకు మనకు అధికారమును లేదు. ప్రశ్న వారు పోవుటను గూర్చినది కాదు. వారు పోయినపుడు నిలిచిపోవుచున్న దానిని ఎవరు కాపాడవలె నన్నదే ప్రశ్న.

గోదావరి డెల్టానుండియే వేఱొక నిదర్శనము కలదు. కోనసీమయందు కనుమనాడు జగ్గన్నతోటలో ప్రభల తీర్థము జరుగును. పదునొకండు గ్రామములనుండి ఏకాదశరుద్రులను ప్రభలపై భుజములమీద మోసికొని, చేలకు అడ్డముగ, కాలువలు దాటి తెత్తురు. 2023 గణతంత్ర దినోత్సవమున ఆంధ్రప్రదేశ శకటమునకు ఈ తీర్థమే విషయమైనది. రంగురంగుల ప్రభ ఢిల్లీలో కర్తవ్యపథమున చక్కగ నడచినది, దేశమంతయు చూచినది. కాని తీర్థమునకు సారము రుద్రులు ఒకరి నొకరు కలిసికొనుట. పచ్చని పైరు త్రొక్కబడినను రైతు దానిని శుభముగ తలచుట అందలి విశ్వాసము. శకటముపై ప్రభ పోగలదు, చేను పోలేదు. ప్రభ పోవుటవలన తీర్థమునకు నష్టము లేదు, ఏలయన తీర్థము ఏటేట తన చోట జరుగుచునే యున్నది. ఇంటి సంబరమునకు అట్టి ధైర్యము లేదు. అది మూసిన వాకిండ్లలోపల, ఒక్కొక్క కుటుంబము మానుకొనినకొలది, ఎవరికిని తెలియకుండ తగ్గును.

జర్మను పండితుల వాదము

బవేరియాకు చెందిన హాన్స్ మోజర్ అను జానపదవిజ్ఞాని 1962లో ఒక ప్రసిద్ధవ్యాసము వ్రాసెను. ప్రజాసంస్కృతి తన స్వస్థానమునుండి విడివడి, ఇతరులకు చూపుటకై రెండవచేతి వస్తువుగ ప్రదర్శింపబడుటను ఆయన అందు చర్చించి, దానికి 'ఫోక్‌లోరిస్ముస్' అను పేరు వాడెను. పర్యాటకులకై పెంచబడిన ఆచారములు, ప్రాచీనములని చెప్పుకొను నూతనవేడుకలు ఆయన పరిశీలించిన విషయములు. 1966లో హెర్మన్ బౌసింగర్ దీనిని విమర్శించెను. మొదటిచేతి సంస్కృతి, రెండవచేతి సంస్కృతి అని గీత గీయుట సులభము కాదనియు, రెండును ఒకదానిలో నొకటి కలిసిపోవుననియు, స్వచ్ఛతకై వెదకు పండితుని ఆశయే కొన్నిమార్లు ఆ ప్రదర్శనలను పెంచుననియు ఆయన వాదసారము.

మనకు ఈ ఇరువురును కావలయును. మోజరు మాట వినినచో వేదికమీది వీరనాట్యమును చూచి అదియే వీరనాట్యమని వర్ణించు పొరపాటు తప్పును. బౌసింగరు మాట వినినచో వేదిక నెక్కినవానిని కల్తీయని త్రోసివేయు పొరపాటు తప్పును. ఒకే నర్తకుడు మాఘమాసమున ఒక ఇంట సంబరము చేసి, తరువాతి నెలలో ఒక ప్రభుత్వోత్సవమున ఆడవచ్చును. అతని శరీరమున రెండును కలవు. వేదికపై నేర్చిన గుంపుగతి సంబరమునకును రావచ్చును. పరిశోధకుడు రెండింటిని తీర్పు చెప్పక వేఱువేఱుగ నమోదు చేయవలెను.

మన శాఖల కర్తవ్యము

జానపదసాహిత్య పరిశోధన మనకు క్రొత్త కాదు. బిరుదురాజు రామరాజు తెలుగు జానపదగేయసాహిత్యముపై ఉస్మానియా విశ్వవిద్యాలయమున చేసిన పరిశోధనము ఈ శాస్త్రమునకు విశ్వవిద్యాలయములందు పీట వేసినది. నేదునూరి గంగాధరము గోదావరీతీరమున గేయసేకరణకు జీవితము వెచ్చించెను. మిక్కిలినేని రాధాకృష్ణమూర్తి 1992లో ప్రకటించిన తెలుగువారి జానపద కళారూపములను గూర్చిన గ్రంథము విషయసంపన్నము. అయినను మన కృషిలో గేయమునకు లభించిన శ్రద్ధ ఖడ్గమువంటి గద్యరూపములకు లభింపలేదు. కారణము తెలియరానిది కాదు. గేయమును గాయని ఎప్పుడడిగినను పాడగలదు. ఖడ్గము సందర్భమును కోరును. అడిగినంతనే చదువుమనుట మర్యాదయు కాదు.

కాబట్టి పరిశోధకవిద్యార్థులకు కొన్ని సూచనలు చేయుచున్నాను. ఖడ్గపాఠమును సేకరించునపుడు అది ఏ సందర్భమున చదివినదో తప్పక వ్రాయవలెను: సంబరమునందా, గుడియొద్దనా, వేదికపైనా, లేక సేకర్త కోరినందుననా? చదివినవారి గురుపరంపరను గుర్తింపవలెను. వీరణపు విరామములను పాఠమునందు చిహ్నములతో చూపవలెను. అవి లేని పాఠము యతి తొలగించిన పద్యము వంటిది. సంబరమున ఇంటివారి అనుమతి లేనిదే ధ్వనిముద్రణము చేయరాదు. అచ్చట పలుకబడు పేరు ఒక తల్లికి చెందినది, పరిశోధకునకు కాదు. ఆ పేరును ప్రకటనమున విడిచిపెట్టవలెను. సేకరించిన పాఠపు ప్రతిని చదివినవాని కుటుంబమునకు ఇయ్యవలెను. అతని శ్రమకు తగిన ప్రతిఫలము ఇచ్చుట దానము కాదు, ఋణము తీర్చుట.

ఉత్సవనిర్వాహకులతో చెప్పదగినదియు ఒకటి కలదు. దళమున ఖడ్గము చదువువానిని తగ్గింపక తీసికొనిపోవలెను. ఇచ్చిన కాలము కొంచెమైనను అందొక ఖండికకు తావీయవలెను. దాని సారాంశమును చూచువారి భాషలో ముందుగ రెండు వాక్యములలో వివరించినచో, భాష తెలియని ప్రేక్షకుడును కేకకు ముందు మాట యున్నదని గ్రహించును. భాష తెలియనివారు మంత్రమును వినుట లేదా? అర్థము తెలియకున్నను స్వరగాంభీర్యము తెలియును. అట్లు చేసినచో చదువు నేర్చిన వృద్ధునకు దళమున స్థానము నిలుచును. స్థానము నిలిచినచో నేర్చుకొను యువకుడును దొరకును. నిర్వాహకుని చిన్న నిర్ణయము పరంపర కొనసాగుటకు కారణము కాగలదు.

బవేరియా పల్లెటూరి ఉపాధ్యాయుడు 1883లో కాపాడదలచినది వేషమును. ఆ వేషము కంటికి కనబడుచుండెను; తగ్గిపోవుటయు కంటికి కనబడెను. మనము కాపాడవలసినది చెవికి సంబంధించినది. అది తగ్గిపోవుట ఎవరికిని కనబడదు. రంగు పంచెలు, పళ్లెపు జ్యోతి, వీరణపు మ్రోత ఉన్నంతకాలము వీరనాట్యము క్షేమముగ నున్నదనియే తోచును. ఖడ్గము చదువు చివరివాడు మౌనము వహించినను వేదికపై ఏ లోటును కనబడకపోవచ్చును. లోటు తెలియునది సంబరము చేసికొను ఆ ఇంట మాత్రమే. ఆ దినము రాకముందే ద్రాక్షారామ పరిసరములందలి ఖడ్గపాఠములను సేకరించి, పరిష్కరించి, ప్రకటించుట తెలుగు శాఖలు వెంటనే చేపట్టదగిన పని.